ఇరుసు వచ్చినది, బ్రేకు ఎక్కడ?

కారు మన పల్లెలకు రాకముందే దాని భాగములు వచ్చినవి. ఊరు మొత్తము మీద ఒక్కరికైనను కారు లేని రోజులలోనే ఎడ్లబండ్ల క్రింద లారీ టైర్లు తిరిగినవి. కమ్మరి కొలిమిలో లారీ కమాను పట్టీలు ఎర్రబడినవి. వేసవిలో బావిలో ఈత నేర్చుకొను పిల్లవాడు పట్టుకొని తేలినది బస్సు ట్యూబు. రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిమ్మట సైన్యము వదలివేసిన జీపులు, లారీలు అమ్మకమునకు వచ్చినవి. అవి పట్టణములలో కొంతకాలము తిరిగి, అరిగి, విరిగి, చివరకు ముక్కలైనవి. ఆ ముక్కలలో కొన్ని మరమ్మతు షాపులకును, కొన్ని పల్లెలకును చేరినవి. పిమ్మట అంబాసడరు కారు వంతు వచ్చినది. 1950ల చివర ఉత్తరపారాలో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది. రోడ్డుమీద ఆ కారు నేడు అరుదు. కాని దాని వెనుక ఇరుసు ఏ గడ్డివామి ప్రక్కనో, ఏ నూర్పిడి యంత్రము క్రిందనో నేటికిని పనిచేయుచునే యుండవచ్చును.

పొలముగట్టు వెంబడి ఒక పూట నడచి చూచువారికి ఈ సంగతి తెలియును. రేకుల పాక గాలికి లేచిపోకుండ పైన పడవేసిన టైర్లు. మేకల దొడ్డికి వాకిలిగా నిలిపిన కారు తలుపు. కోసి తిరుగవేసి పశువుల కుడితి తొట్టిగా మార్చిన లారీ టైరు. పాత ట్యూబుతో కుట్టిన చేద. పంటకాలువ దాటుటకు అడ్డముగా వేసిన ఛాసిస్ దూలములు. డీజిలు ఇంజను ప్రక్కన నీళ్ళు చల్లార్చుచున్న కారు రేడియేటరు. మందు కొట్టు యంత్రమును మోయు చిన్నబండికి మారుతి కారు చక్రములు. బడిగంట అని మనము వినునది చాలచోట్ల రైలుపట్టా ముక్క. కొన్నిచోట్ల మాత్రము అది లారీ బ్రేకు డ్రమ్ము. ఈ విషయములో మనము ఒంటరివారము కాము. ట్రినిడాడు ద్వీపములో పేరుపొందిన స్టీలు బ్యాండు మేళమునకు తాళము వేయునది పాత కారు బ్రేకు డ్రమ్ములే. ఒకప్పుడు చెరకు తోటల పనికి మన దేశమునుండి ఓడలెక్కిన కూలీల సంతతి అధికముగా నున్న దీవి అది. పోత ఇనుము ఎక్కడనైనను ఒకే గొంతుతో పలుకును కాబోలు.

పాత సామాను వాడుటను చిన్నచూపు చూచువారిలో నేను చేరను. గనిలో త్రవ్వి, కరగించి, యంత్రముపై తీర్చిన ఉక్కును ఒక్క ఉపయోగముతో పారవేయుట ఏ లెక్కన చూచినను దుబారాయే. కొత్తది కొనుటకు చేతిలో పైకము లేని రైతు పాతదానితో పని జరుపుకొనుట తెలివితక్కువ గాదు, తెలివియే. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఒక పాత ఇరుసును కోసి, అతికి, మరల తిన్నగా నిలబెట్టు పనివాండ్ర నేర్పు సామాన్యమైనది కాదు. అయితే ఒక మాట చెప్పవలసి యున్నది. ఆ మాటను ఎవరును గట్టిగా చెప్పుటలేదని నా అభిప్రాయము.

కారును చేసినవారు ఏ భాగమును ఒంటరిగా చేయలేదు. తిరుగు చక్రమునకు తోడుగా దానిని ఆపు బ్రేకును చేసిరి. ఇంజను బలమును వెనుక చక్రములకు చేర్చు పొడవైన షాఫ్టును కారు నేలకు అడుగున దాచిరి. అనగా కారు నేలయే ఆ షాఫ్టునకు మూత. బ్యాటరీలోని సీసమును, యాసిడ్‌ను గట్టి పెట్టెలో మూసిరి. వెనుకనుండి వచ్చువారికి కనబడుటకు ఎర్ర అద్దము పెట్టిరి. పాత ఇనుము అంగడిలో ఈ జంటలు విడిపోవుచున్నవి. రైతు ఇరుసును కొనును. బ్రేకు తూకములో కరుగుటకు పోవును. షాఫ్టును కొనును, దానిపైనున్న నేలరేకు మరియొకని పాకకు గోడయగును. పనిచేయు భాగము మాత్రము ఊరికి వచ్చి, కాపాడు భాగము అంగడిలోనే నిలిచిపోవుచున్నది. మనము చూచుచున్న ప్రమాదములలో చాలవాటికి మూలము ఇచ్చటనే యున్నది.

మొదట బండి సంగతి. గాలి టైరు బండి ఎడ్లకు చేసిన మేలు ఇంతింత యని చెప్పరానిది. కొయ్య చక్రమునకు ఇనుప కట్టు వేసిన బండి రోడ్డును కోయును, గోతిలో పడినపుడెల్ల ఎద్దు మెడను అదరగొట్టును. టైరు బండి తేలికగా సాగును. చట్టము కూడ ఈ భేదమును గుర్తించినది. బరువులాగు పశువుల విషయమై 1965లో చేసిన నియమముల ప్రకారము రెండు చక్రముల బండిలో పెద్ద ఎద్దునకు గాలి టైర్లు లేనిచో 900 కిలోలు, గాలి టైర్లున్నచో 1350 కిలోలు పరిమితి. అంటే టైరు వేసినందుకు సగము బరువు అదనముగా అనుమతించిరి.

అదనపు బరువు సమతలము మీద బాగుగనే యుండును. పల్లమునకు దిగునపుడు ఏమగును? ఇరువది అడుగులకు ఒక అడుగు దిగు వాలు మన ఊళ్ళలో చెరువు కట్టలమీద, కాలువ వంతెనల యొద్ద సాధారణము. అట్టి వాలులో 1350 కిలోల బండి సుమారు 67 కిలోల బలముతో ముందుకు నెట్టును. మట్టిబాటలో ఇనుప కట్టు చక్రమైనచో నేల రాపిడియే ఆ బలములో పెద్ద భాగమును మ్రింగివేసెడిది. తారురోడ్డుమీద గాలి టైరునకు ఆ రాపిడి స్వల్పము. మిగిలిన నెట్టుడంతయు కాడిమీదికి, కాడినుండి ఎద్దు మెడమీదికి వచ్చును. ఎద్దులు కాళ్ళు బిగపట్టి వెనుకకు ఒరిగి బండిని ఆపుటకు పెనుగులాడుచుండగా మనము చూడలేదా? కాలు జారిన ఎద్దుమీదికి నొగ వంగును. ఘాట్ రోడ్లలో పూర్వపు బండివాండ్రు చక్రమునకు దుంగ అడ్డుకట్టి ఈడ్పించుకొని దిగెడివారు. రాపిడి ఎక్కువగా నున్న కొయ్య చక్రమునకే వారు దుంగ కట్టిరి. జర్రున జారు టైరు చక్రమునకు మనము ఏమియు కట్టుట లేదు.

బ్రేకు పెట్టుట కష్టమని అనువారు కలరు. పూర్తిగా నిజము కాదు. కారు కాలి బ్రేకు నూనె ఒత్తిడితో పనిచేయును. దానిని ఎడ్లబండికి అమర్చుట నిజముగనే తలనొప్పి. గొట్టము కారినచో బ్రేకు లేనట్లే. కాని అంబాసడరు వంటి పాత కార్ల వెనుక చక్రములకు చేతి బ్రేకు కూడ ఉండెడిది. అది తీగతోనో, కడ్డీతోనో లాగినపుడు డ్రమ్ము లోపలి షూలను విప్పి బిగించును. దీనికి నూనె అక్కరలేదు. కావున వెనుక ఇరుసు కొనునపుడు డ్రమ్ములు, వాటిలోని షూలు, షూలను పట్టియుంచు ప్లేటు, చేతి లీవరు కూడ కలిపి బేరము చేయవలెను. లీవరును బండి తోలువాడు కూర్చుండు చోట అతని చేతికి అందునట్లు బిగింపవలెను. రెండు చక్రములును ఒకేసారి, ఒకే పట్టుతో ఆగునట్లు తీగను సరిచేయుట ముఖ్యము. ఒక ప్రక్క ముందు పట్టినచో బండి అడ్డము తిరుగును. మొదటి పది రోజులు ఖాళీ బండితో చిన్న వాలుమీద చూచుకొని, పిమ్మట బరువు వేయుట మంచిది. ట్రాక్టరు వెనుక తగిలించు చిన్న ట్రాలీలకు, నీళ్ళ ట్యాంకులకు పాత ఇరుసు వేయించుకొనువారికిని ఈ మాట వర్తించును. ఎద్దులు కొంత వరకైనను వెనుకకు లాగి ఆపును. తేలిక ట్రాక్టరును బరువైన ట్యాంకు పల్లములో నెట్టుకొనిపోవును.

బరువు విషయము మరియొకటి. అంబాసడరు కారు ఖాళీగా టన్నుకు కొంచెము పైన తూగును. అయిదుగురు ఎక్కి, సామాను వేసినను వెనుక ఇరుసు వంతు టన్నుకు లోపే పడును. దాని బేరింగులను ఆ లెక్కకే చేసిరి. చెరకు కాలములో అదే ఇరుసుమీద రెండు టన్నులు వేసి, బేరింగు పోయినదని, చక్రము ఊడి ప్రక్క మడిలో పడినదని వాపోవుట న్యాయము కాదు. అంత బరువు వేయదలచినవారు లారీ ఇరుసే వెదకుకొనవలెను.

రాత్రివేళ రోడ్డుమీద ఎడ్లబండియు, ట్రాలీయు వెనుకనుండి కనబడక ఎన్ని కుటుంబములు దీపము ఆర్పుకొన్నవో గ్రామాధికారులకు వేరుగ చెప్పనక్కరలేదు. పాత కారు వెనుక దీపపు ఎర్ర మూతలో వెలుగును తిరుగగొట్టు అద్దము ఉండును. దీపము వెలుగకపోయినను అది పనిచేయును. తుక్కు అంగడిలో దాని వెల ఒక టీ ఖర్చునకు మించదు.

ఇక షాఫ్టు. ఈ విషయములో కొంచెము నిలిచి చెప్పవలెను. ట్రాక్టరు వెనుక పి.టి.ఓ. నుండి నూర్పిడి యంత్రమునకో, నీళ్ళ పంపునకో బలము చేర్చుటకు పాత జీపు షాఫ్టును కోసి అతికి వాడుట కొన్నిచోట్ల ఆచారమైనది. పి.టి.ఓ. మామూలు వేగము నిమిషమునకు 540 చుట్లు. అనగా సెకనుకు 9 చుట్లు. మూడు అంగుళముల లావు గల గొట్టము సెకనుకు 9 మారులు తిరిగినచో, దానికి చిక్కిన గుడ్డను సెకనుకు సుమారు ఏడడుగుల చొప్పున చుట్టుకొనును. తలగుడ్డ కొస, పంచె అంచు, చీర చెంగు ఏది తగిలినను మనిషి ‘ఆపు’ అని అరచు లోపల పని అయిపోవును. ట్రాక్టరు మీదివాడు విని, మీట లాగి, షాఫ్టు నిలుచుటకు మరికొన్ని సెకనులు పట్టును. నూర్పిళ్ళలో ఆడకూలీలే ఎక్కువగ కట్టలు అందించుచుందురు. ధూళి, చప్పుడు, తొందర. షాఫ్టును దాటి అవతలికి పోవువారిని ప్రతి కళ్ళములోను చూడవచ్చును.

జీపులో నున్నప్పుడు ఈ షాఫ్టు ఎవరిని చంపలేదు. అది నేలరేకు క్రింద ఉండెను గనుక. మన కళ్ళములో దానికి ఆ నేల లేదు. కొత్త పి.టి.ఓ. షాఫ్టును కంపెనీవారు ప్లాస్టిక్ గొట్టపు తొడుగుతో అమ్ముదురు. ఆ తొడుగు పగిలినపుడు చాలమంది తీసి పారవేయుట మరియొక దురలవాటు. పాత షాఫ్టు వాడక తప్పనివారు రెండు ప్రక్కల, పైన రేకు మూత వేయించి, దానిని నేలకో, యంత్రమునకో బిగింపవలెను. మూత తిరుగరాదు, షాఫ్టునకు తగులరాదు. అతుకుల యొద్ద పొడుచుకొని వచ్చిన బోల్టు తలలే గుడ్డను మొదట పట్టును. వాటిని లోనికి దించవలెను, లేదా కప్పవలెను. నూర్పిడి యంత్రములలో చేతులు, కాళ్ళు పోవుచుండుటచేతనే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసినది. చట్టము కాగితముమీద నున్నది. రేకు మూత మాత్రము మనమే వేయించుకొనవలెను.

కమ్మరి పని వేరు. పాత కారు భాగము నిజముగ గౌరవము పొందుచున్న చోటు ఏదైనను ఉన్నదన్నచో అది కొలిమియే. లారీ కమాను పట్టీ మామూలు ఇనుము కాదు. దానిలో నూటికి సుమారు అరపాలు కార్బనమును, దానికి తోడు సిలికాను, మాంగనీసు వంటివియు కలిపి చేసిన స్ప్రింగు ఉక్కు అది. మామూలు మెత్తని ఇనుపకడ్డీకి పదునుపెట్టినను నిలువదు. కమాను పట్టీతో చేసిన కొడవలి, కత్తి, గునపపు మొన నిలుచును. మన కమ్మరులు ఏ ప్రయోగశాలకు పోకుండ ఈ భేదమును సానరాయిమీద వచ్చు నిప్పురవ్వలను చూచి చెప్పుదురు. మెత్తని ఇనుము రవ్వ తిన్నని గీతగా పోవును; గట్టి ఉక్కు రవ్వ చివర పువ్వువలె విచ్చును.

ఇందులో చిత్రమొకటి కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసలలో కరగించిన ఉక్కునకు ప్రసిద్ధి. దానిని కొనుటకు పారసీక వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు. లోకమునకు ఉక్కు పంపిన ఆ నేలమీద నేడు కమ్మరి తన ఉక్కును లారీల తుక్కులో వెదకుకొనుచున్నాడు. దీనికి విచారింపవలెనో, ఆతని చూపునకు మెచ్చుకొనవలెనో నాకు తోచదు.

కమాను పట్టీ వాడువారు గమనింపవలసినవి కొన్ని. పట్టీ నడుమ బోల్టు రంధ్రము చుట్టును, మలుపు చెవుల యొద్దను సన్నని పగుళ్ళుండును. ఏండ్ల తరబడి ఊగి అలసిన ఉక్కు అక్కడనే మొదట చీలును. ఆ ముక్కను కోసివేసి మిగిలినది తీసికొనవలెను. ఎర్రగా కాగిన పట్టీకి అయస్కాంతము అంటుట మానిన పిదప మరికొంచెము కాచి, నూనెలో ముంచవలెను. ఈ ఉక్కును నీళ్ళలో ముంచినచో పగులు భయమున్నది. ముంచి తీసినది గాజువలె పెళుసుగ నుండును గనుక, మరల మెల్లగ కాచి రంగు చూడవలెను. కొడవలి, కత్తులకు ఎండుగడ్డి పసుపు రంగు వచ్చువరకు. దెబ్బలు తినవలసిన గునపమునకు నీలిరంగు వచ్చువరకు. తెలిసిన కమ్మరికి ఇది తాతలనాటి విద్య. కొత్తగా వెల్డింగు షాపు పెట్టిన కుర్రవాండ్రకు మాత్రము ఎవరో ఒకరు చెప్పవలెను.

కొలిమిలోను, వెల్డింగు మంటక్రిందను పెట్టరానివి కూడ కారు తుక్కులో ఉన్నవి. షాక్ అబ్జార్బరు మూసిన గొట్టము. లోపల నూనెయు, కొన్నింటిలో ఒత్తిడితో నింపిన వాయువును ఉండును. దానిని నిప్పులో పెట్టుట బాంబును పెట్టుటయే. పెట్రోలు ట్యాంకును నీళ్ళ డబ్బాగా మార్చుకొందుమని అతుకు వేయించువారు, లోపల చుక్క పెట్రోలు లేకపోయినను ఆవిరి ఉండునని మరువరాదు. కొత్తరకపు కార్ల స్టీరింగు నడుమ గాలిసంచి యొకటి మడిచి పెట్టుదురు. గుద్దుకొన్నపుడు అది క్షణములో ఉబ్బుటకు లోపల మందు ఉండును. పేలకుండ మిగిలియున్న అట్టి స్టీరింగు చిన్నబండికి బాగుండునని ఇంటికి తెచ్చి విప్పరాదు.

బ్యాటరీ విషయము క్లుప్తముగా చెప్పెదను, గాని ఇది చిన్న విషయము కాదు. పాత బ్యాటరీని పగులగొట్టి సీసము తీసి, వలలకు గుండ్లు పోయుటయు, ఆ యాసిడ్‌ను పెరటిలో పారబోయుటయు ఎక్కడ జరిగినను వెంటనే ఆపింపవలెను. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగలు దేశములో డాకారు నగర శివారునందు తియరోయ్ అను పేటలో, పాత బ్యాటరీలనుండి సీసము తీయుచు వచ్చిన చోట, 2007 నవంబరు మొదలు 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు మరణించిరి. వారెవరును కొలిమి దగ్గర పనిచేసినవారు కారు. ఆ మన్నులో ఆడుకొన్న పిల్లలు. సీసపు దుమ్ము కంటికి కనబడదు, నాలుకకు చేదు కాదు. పాత బ్యాటరీని కొత్తది కొను అంగడిలోనే ఇచ్చివేయుట మేలు. వెల తగ్గింపును దొరకును. వాడిన బ్యాటరీలు తిరిగి సేకరింపబడవలెనని 2022 నాటి నియమములును చెప్పుచున్నవి.

టైర్లను గురించి రెండు మాటలు. భోగిమంటలో పాత టైరు వేయుట పండుగ కాదు. పిడకలు, ఎండు కట్టెల పొగ వేరు. రబ్బరు, గంధకము, నూనె, ఉక్కు తీగ కలిసి కాలిన పొగ వేరు. రెండవది దోమ. పాకపైన బరువుకు వేసిన టైరు వంపులో వాననీరు నిలిచినచో డెంగీ దోమకు అంతకన్న మంచి ఇల్లు దొరకదు. ఆసియా పులిదోమ అనబడు జాతి 1985లో అమెరికాలోని హ్యూస్టను నగరమున కాపురము పెట్టినట్లు కనుగొన్నపుడు, అది అక్కడకు వచ్చినది వాడిన టైర్ల ఓడ సరకులోనే యని తేలినది. దోమ గ్రుడ్లు తడి లేకున్నను నెలల తరబడి ప్రాణముతో ఉండి సముద్రమును దాటగలిగినవి. టైరు అడుగున నాలుగు రంధ్రములు పొడిచినచో నీరు నిలువదు. పాకమీద టైరు వేయుచున్నప్పుడే చేయవలసిన పని; వాన పడిన పిదప నిచ్చెన ఎవరు వేయుదురు?

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు ఎదుర్కొనిరో చూచుట మంచిది. అమెరికాలో 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారును రైతులు పొలములో ఎన్ని విధముల వాడిరో లెక్కలేదు. వెనుక చక్రము ఎత్తిపెట్టి దానికి బెల్టు తొడిగి రంపమును, పంపును తిప్పిరి. కరెంటు లేని పల్లెలలో కారు డైనమోకు గాలిరెక్క బిగించి రేడియో బ్యాటరీలను నింపుకొనిరి. స్వీడను దేశములో రెండవ ప్రపంచ యుద్ధకాలమున ట్రాక్టర్లు దొరకక రైతులు పాత కార్లను ట్రాక్టర్లుగ మార్చుకొనిరి. వాటికి చౌక వస్తువులమ్ము ఒక దుకాణము పేరుమీద ‘ఎపా’ ట్రాక్టరని పేరు పడినది. అచ్చటి ప్రభుత్వము వాటిని నిషేధింపలేదు, చూచీచూడనట్లు విడిచిపెట్టను లేదు. వాటికి ఒక తరగతి ఏర్పరచి, గంటకు 30 కిలోమీటర్లకు మించరాదని వేగమును కట్టడిచేసి, నియమములు పెట్టినది. ఆ సంతతి బండ్లు నేటికిని అక్కడ రోడ్లమీద ఉన్నవి.

మన ఉత్తరాది రాష్ట్రములలో నీళ్ళ పంపు డీజిలు ఇంజనుకు పాత జీపు స్టీరింగు, గేరుబాక్సు, ఇరుసు కలిపి ‘జుగాడ్’ అను బండిని చేసిరి. అది కూడ మోటారు వాహనమే, మోటారు వాహన చట్టము దానికి వర్తించునని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. తీర్పు సరియైనదే. కాని, తీర్పు తరువాతి మెట్టు ఎవరు ఎక్కవలెను? ఇంటి చేతిపనిగా వచ్చిన యంత్రమునకు ఇవి ఇవి ఉండవలెను, ఇట్లు బిగింపవలెను అని బొమ్మ గీచి చెప్పు పుస్తకము రైతు చేతికి రావలెను. లేనిచో రైతు చాటుగా చేయించుకొనును. చాటున చేసినదానికి మూత ఉండదు.

మూతను గురించి తలచిన పిల్లవాడొకడు ఆఫ్రికాలో ఉండెను. మలావి దేశములో 2002 ప్రాంతమున కరవు కాటకములలో బడి ఫీజు కట్టలేక చదువు మానిన విలియం కంక్వాంబా, గ్రంథాలయములోని పుస్తకము చూచి గాలిమర చేసెను. తుక్కులో దొరికిన ట్రాక్టరు ఫ్యాను, షాక్ అబ్జార్బరు, సైకిలు చట్రము, సైకిలు డైనమో, తోటలోని నీలగిరి దుంగలు అతని సామాను. ఇంతవరకు చాలమంది ఎరిగిన కథయే. వెలుగు వచ్చిన పిదప అతడు చేసిన పని నాకు ఇంకను గొప్పగ తోచినది. తీగలు కలిసి పూరి కప్పు అంటుకొనునేమో యని భయపడి, మేకులు, రాగితీగ, అయస్కాంతముతో కరెంటును తనంతట తానే ఆపు చిన్న పరికరమును చేసి గోడకు తగిలించెను. ఆ కుర్రవానికి అప్పటికి ఇంకను ఇరువది ఏండ్లు నిండలేదు. ఏ ఇంజనీరును ఆతని ప్రక్కన లేడు.

గ్రామములోని వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు, గ్రామాధికారులు నూర్పిళ్ళు మొదలగుటకు ముందే ఒక దినము కేటాయించి, ఊరిలోని టైరు బండ్లు, ట్రాలీలు, నూర్పిడి యంత్రములు ఒకచోటికి రప్పించి చూచినచో మంచిది. జరిమానా వేయుటకు కాదు. ఊరి కమ్మరిని, వెల్డింగు చేయు కుర్రవానిని కూడ పిలిపించి, ఏ బండికి బ్రేకు లేదో, ఏ షాఫ్టుకు మూత లేదో సుద్దముక్కతో గుర్తుపెట్టి, అక్కడికక్కడనే రేకు కొలత తీయించవలెను. రేకు, బోల్టులు, వెల్డింగు కలిపి అగు ఖర్చు ఒక ఎకరము కోత కూలితో పోల్చినచో అల్పము. కౌలురైతులు అద్దెకు తెచ్చు యంత్రములను మరువరాదు. అవి ఊరూర తిరుగును, వాటి మూతలే ముందుగ ఊడును.

2021లో వచ్చిన నియమముల క్రింద పాత వాహనములను విడదీయుటకు రిజిష్టరైన కేంద్రములు ఏర్పడుచున్నవి. ఇంతవరకు సందుగొందులలో జరిగిన పని క్రమముగా ఒక కప్పు క్రిందకు వచ్చును. వ్యవసాయశాఖవారు ఆ కేంద్రములవారితో ఒక్క విషయము మాటలాడవచ్చును. బండికి పనికివచ్చు వెనుక ఇరుసును అమ్మునపుడు దాని డ్రమ్ములు, షూలు, ప్లేట్లు, చేతి లీవరు, తీగ, వెనుక దీపపు ఎర్ర మూతలు రెండు, అన్నియు ఒక్క కట్టగ కట్టి, ఒక్క వెలకు ఇవ్వవలెను. విడిగ అడిగినవారికి ఇరుసు ఇవ్వరాదు. ఆటోనగరులోని వర్తకులును ఇట్లు చేయగలరు. వారు దానికి మరికొంత వెల అడుగుదురు. అడుగనిండు.